ఖాకీ గుడ్డ మీద గురువమ్మ ఆది

ఆది జాకెట్టు లేనిదే గురువమ్మ కత్తెర పట్టదు. టేపుతో కొలవడం రాక కాదు. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, దాన్ని ఎక్కువగా కొట్లోకొచ్చే పిల్లిని అదిలించడానికి వాడుతుంది. కొత్తవాళ్ళెవరైనా వచ్చి కొలతలు తీసుకోమంటే, "టేపు ఒళ్ళెంతుందో సెప్తాదమ్మా. మీకెక్కడ బిగువుంటే ఇట్టమో, ఎక్కడ ఒదులుంటే ఇట్టమో సెప్పదు. నప్పిన జాకెట్టొకటి అట్టుకురండి" అంటుంది. తెచ్చిన జాకెట్టుని ముందు తిరగేస్తుంది. పైన ఎంత జరీ ఉన్నా చూడదు. లోపలి కుట్లు వేలితో తడిమి, కుట్టినవాళ్ళు ఎంత తొందరలో కుట్టారో, ఎక్కడ తప్పు చేసి సర్దుకున్నారో చెప్పేస్తుంది. ఐదో తరగతి దాటని మనిషి. పనంతా అలాగే నేర్చుకుంది, ఒకళ్ళు కుట్టినది విప్పి చూసి.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో ఆమె కొట్టు. పది అడుగుల గది. గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా గోడనున్న హేంగర్లన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. అప్పుడు గురువమ్మ పెడలు మీంచి పాదం తీసేసి వేగన్లు లెక్కపెడుతుంది. "ఏభయ్యెనిమిది" అని ఎవరికీ కాకుండా చెప్పి, మళ్ళీ తొక్కుతుంది. ఆ లెక్క ఎందుకని అడిగితే, "ఊరికే ఆగితే ఆగినట్టుంటాది కదా" అంటుంది.

నేను ఆ కొట్లో హుక్కులు కుడతాను. మాది కాకినాడ దగ్గర పల్లెటూరు. ఏడో తరగతితో చదువు మాన్పించారు. మా ఆయన శ్రీరామ్మూర్తిగారికి ఇక్కడ స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వస్తే ఇటు వచ్చాం. ఆయన పోయి ఈ కార్తీకానికి రెండేళ్ళు. పోయిన ఆర్నెల్లకి నా జాకెట్లన్నీ వదులైపోతే, బిగించడానికి ఇద్దామని ఆ కొట్టు మెట్టెక్కాను. గురువమ్మ జాకెట్ల వంకా నా వంకా చూసింది. గుప్పెడు హుక్కులూ ఎవరిదో జాకెట్టూ తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఈ ఆరూ కుట్టిచ్చీ వదినా. నాకు సత్వారం, కానరావడం లేదు" అంది.

సత్వారం అంటే చత్వారం. అప్పటికి ఆమెకి ముప్పయ్యేడేళ్ళు, సూదిలో దారం చూడకుండా ఎక్కిస్తుంది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పటికి రోజూ వెళ్ళడం అలవాటైపోయింది.

ఈ ఏడు జ్యేష్ఠంలో వాళ్ళ మహిళా సంఘానికి ఒక ఎంబ్రాయిడరీ మిషను వచ్చింది. కంప్యూటర్ వర్క్ జాకెట్లని ఇప్పుడందరూ కుట్టించుకుంటున్నారే, ఆ మిషను. సంఘం లీడరు వరహాలమ్మ దాన్ని ఆటోలో తెచ్చి గురువమ్మ కొట్లో దింపించింది. వరహాలమ్మ మాట్లాడుతుంటే మధ్యలో కామా ఉండదు.

"సూడు గురువమ్మా, శ్రావణం మూడో శుక్కురారం మీటింగు. అప్పటికి మిషను ఆడాల, జాకెట్టొకటి సేసి సూపించాల, నీతోపాటు ఇంకో ఇద్దరికి పని రావాల. నేదంటే పరవాడ సంఘానికి పంపించేస్తాను. ఆళ్ళకాడ శ్రీసత్యని ఒక పిల్లుంది, డిగ్రీలో కంప్యూటరు సదివింది. ఇప్పుడే అడుగుతన్నాది."

"మీటింగు నాటికి మిషనుతో పాటు నానే ఆడతాను పిన్నీ, నువ్వెల్లు" అంది గురువమ్మ.

ఆమెకి ఆ మిషను ఎంత కావాలో నాకు తెలుసు. నాలుగేళ్ళుగా పెళ్ళి జాకెట్లన్నీ ఆమె దగ్గర కత్తిరింపు అయ్యాక, వర్క్ కోసం ఊళ్ళో పెద్ద షాపులకి వెళ్ళి తిరిగొస్తున్నాయి. "నాను అన్నం వొండితే కూర ఇంకొకలింట్లో తిన్నట్టుంది వదినా" అనేది. ఇప్పుడు కూర కూడా తన పొయ్యి మీదకొచ్చింది. రెండు నెలల గడువుతో వచ్చింది.

చిక్కంతా మిషనుకి డిజైను చెప్పే సాఫ్ట్‌వేర్ దగ్గర. మిషనుతో రావలసిన దానికి తాళం లాంటి చిన్న పుల్ల ఒకటి ఉండాలట, అది ఎక్కడో పోయింది. మిషను బిగించడానికి వచ్చినాయన, "ఇంకోటుందమ్మా, ఉచితం. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి లోకం మీద పెట్టేశారు, ఎవరైనా వాడుకోవచ్చు" అన్నాడు. కంప్యూటరు ఏదంటే, మా ఇంట్లో ఉన్న లాప్‌టాప్ గుర్తొచ్చింది. మా ఆయన ఎంతో ముచ్చటపడి కొనుక్కుని, పద్యనాటకాలు వినడానికి తప్ప దేనికీ వాడనిది. తెచ్చిచ్చాను. మిషను బిగించినాయన అందులో సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఒక గీత గీసి, అది పెన్‌డ్రైవ్‌లోకి ఎలా పంపాలో చూపించి, టీ తాగి వెళ్ళిపోయాడు. పుస్తకం ఏదని అడిగితే, "దీనికి పుస్తకం ఉండదమ్మా, అంతా నెట్లో ఉంటుంది" అన్నాడు.

నెట్లో చూశాం. హిందీ వీడియోల్లో తెర ఒకలా ఉంటే మా తెర ఇంకోలా ఉంది, వాళ్ళు నొక్కే బొమ్మ మాకు లేదు. తెలుగులో ఒకే ఒక్క వీడియో దొరికింది. అందులో అబ్బాయి పది నిమిషాలు తన గురించి చెప్పుకుని, అసలు సంగతి తర్వాతి భాగంలో చూద్దాం అన్నాడు. తర్వాతి భాగం లేదు. అతను అది పెట్టి మూడేళ్ళయింది.

"పెళ్ళైపోయుంటాది" అంది గురువమ్మ.

ఇంగ్లీషులో రాసిన పేజీలు కొన్ని ఉన్నాయి. సగం చోట్ల శీర్షిక ఉండి కింద ఖాళీ. ఉన్నవాటికి ఫోను చూపిస్తే అది తెలుగు చేసి పెట్టేది. నేను గట్టిగా చదివేదాన్ని.

"'పూరక కుట్టు యొక్క అంతర్లీనమును ఎంపిక చేయుము.'"

"వదినా, ఇది తెలుగేనా?"

"తెలుగే. అక్షరాలైతే తెలుగే."

"రాసీ, పుస్తకంలో రాసీ. ఎప్పుడైనా అరదం అవుద్దేమో."

సరుకుల పుస్తకం వెనక పేజీల్లో రాశాను. అలా ఆ కొట్లో హుక్కుల పనితో పాటు రాతపని కూడా నాకొచ్చింది.

ఆషాఢం మాకు కలిసొచ్చింది. పెళ్ళిళ్ళుండవు, జాకెట్లుండవు. మధ్యాహ్నాలన్నీ ఆ తెర ముందే. అప్పుడే అలేఖ్య వచ్చింది. జాలరిపేట పిల్ల, వాళ్ళ నాన్నకి సొంత బోటుంది. శ్రావణంలో, సంఘం మీటింగు వెళ్ళిన రెండో రోజు ఆదివారం, ఆ అమ్మాయి పెళ్ళి.

"అందరూ నెమలి ఏయించుకుంటన్నారు అక్కా. నాకు ఈపు మీద మా నాన్న బోటు కావాల" అని ఫోనులో ఫొటో చూపించింది. నీలం బోటు, నడుం చుట్టూ ఎర్రగీత, పైన జెండా.

ఆ బొమ్మ ఏ షాపులోనూ దొరికేది కాదు. దొరికే డిజైన్లలో నెమళ్ళూ ఏనుగులూ తామరపువ్వులూ ఉంటాయి, బోటెవరు పెడతారు. గురువమ్మ వెంటనే సరే అనేసింది. ఆ అమ్మాయి వెళ్ళాక, "అన్నీసినాను వదినా" అంది చిన్నగా. సంఘానికి చూపించే జాకెట్టు అదేనని ఇద్దరికీ తెలిసిపోయింది.

బోటు గీయడానికి ఆమెకి నాలుగు రోజులు పట్టింది. మౌసుని ఇస్త్రీపెట్టెలా పట్టుకునేది. నాలుగోరోజు పెన్‌డ్రైవ్ పెట్టి మీట నొక్కితే, మిషను టకటకమని ఎంతో హుషారుగా కుట్టి, ఆగింది. ఇద్దరం వంగి చూశాం. ముక్కు దగ్గర్నించి నడుం దాకా బోటుంది. అక్కడితో గోడ కట్టినట్టు తెగిపోయింది.

"మిగతా సగం ఏది?" అన్నాను.

"అదేటి, మడతుంది కదా" అంది గురువమ్మ. అని తనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

దర్జీ పని చేసేవాళ్ళెవరూ జాకెట్టు వెనకభాగం మొత్తం గీయరు. గుడ్డని రెండు మడతలు వేసి సగమే గీసి కత్తిరిస్తారు. విప్పితే మిగతా సగం అదే వస్తుంది. ఇరవయ్యేళ్ళుగా ఆమె చెయ్యి సగమే గీస్తోంది. మెడ గీసినా సగం, పూలు గీసినా సగం, బోటు గీసినా సగం. మడత సంగతి మిషనుకి తెలియదన్న ఆలోచనే మా ఇద్దరికీ రాలేదు.

రెండు రోజులు వెతికితే, బొమ్మని అద్దంలో చూపినట్టు తిప్పి పక్కన పెట్టే మీట నాకు దొరికింది. అంత సంతోషం నాకు ఈ మధ్యలో లేదు. నొక్కాం, కుట్టాం. సరిగ్గా అప్పుడే గురువమ్మ పెనిమిటి రాము భోజనానికి వచ్చాడు. ఫిషింగ్ హార్బరులో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. గుడ్డ అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు.

"గురువూ, ఈ బోటు ఎటేపెల్తాది?"

"ఏటి బావా?"

"రెండేపులా ముక్కులే ఉన్నాయి. ఎనకాతల నేదు. ఇంజనెక్కడెట్టాల? అలేఖ్య నాయన ఏటకెల్లాలంటే సగం మందిని ఇటు, సగం మందిని అటు కూకోబెట్టాల."

ఆ తర్వాత మూడు రోజులు అతను ఇంట్లోకి వచ్చినప్పుడల్లా, "ముక్కు ఇటేనా, అటేనా" అని అడిగేవాడట. నాలుగోరోజు గురువమ్మ అతనికి కంచంలో చేప ముక్క పెట్టేటప్పుడు తోకలు రెండు పెట్టి, "తలకాయి ఎటుందో ఎతుక్కో" అందట.

బోటు మొత్తం గీసింది ఆమె. ఈసారి ఇంకో చిక్కు. ఎర్రగీత కనబడలేదు. తెర పక్కన బొమ్మలోని భాగాలన్నీ వరసగా ఉండే పట్టీలో బోటు పైనా, గీత దాని కిందా పెట్టాం, ముందు బోటు కుట్టి తర్వాత గీత కుడుతుందని. మిషను ఎర్రదారం ముందడిగింది. గీత కుట్టేసి, దాని మీంచి నీలం నింపేసింది. ఆ పట్టీని కిందనుంచి పైకి చదవాలని ఎక్కడా రాసిలేదు. దాన్ని కూడా పుస్తకంలో రాసుకున్నాను.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ముడతలు. నీలం నింపిన చోటల్లా గుడ్డ చుట్టూ దగ్గరకి లాక్కుపోయి, బోటు వేయించిన అప్పడంలా అయింది. దారం మార్చాం. సూది మార్చాం. జాకెట్టు లైనింగు ముక్కల మీద కాకుండా మందం గుడ్డ మీద చేసి చూడాలంది గురువమ్మ.

మర్నాడు బీరువా తీశాను. డ్యూటీ యూనిఫాం కోసం మా ఆయన తెచ్చుకున్న ఖాకీ గుడ్డలు అడుగున ఉన్నాయి, నాలుగు. తెచ్చుకోవడమే గానీ కుట్టించుకునేవారు కాదు, పాతవి చిరిగేదాకా వేసుకునేవారు. పైన ఉన్నదాన్ని తీసుకుని కొట్టుకి వెళ్ళాను.

గురువమ్మ మడత విప్పి, బొటనవేలితో నేత తడిమింది. "మంచి గుడ్డ" అంది. కత్తెర అందుకుని, నా ముఖం చూసి, "కత్తిరించీనా వదినా?" అంది.

"కత్తిరించు."

కత్తిరించలేదు. గుడ్డని అలాగే ఉంచి ఒక మూల మాత్రం ఫ్రేములో బిగించింది. అది అయ్యాక ఫ్రేము విప్పి పక్కకి జరిపి మళ్ళీ బిగించింది. మిగతా గుడ్డంతా ఒళ్ళో చుట్టలా పెట్టుకుని కూర్చునేది. "ముక్కలు సేసీస్తే మల్లీ గుడ్డవదు కదా" అంది, నేనేమీ అడగకుండానే.

ఖాకీ మీద ముడతలు తగ్గాయి గానీ పోలేదు. అప్పటికి శ్రావణం వచ్చేసింది. మీటింగుకి పదిహేను రోజులు. పరవాడ నుంచి శ్రీసత్య ఫోను చేసి మిషను బల్ల పొడుగెంత, వ్యానులో పడుతుందా అని వరహాలమ్మని అడిగిందట. ఆ మాట విన్నరోజు గురువమ్మ మధ్యాహ్నం అన్నం తినలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ప్రశ్నలడుక్కునే చోటొకటి నెట్లో ఉందని తెలిసి, ఫోనుకి తెలుగులో చెప్పి, అది ఇంగ్లీషు చేసినదాన్ని పెట్టాను. ముడతలు ఎందుకొస్తున్నాయి, ఏం నొక్కితే పోతాయి అని. ముడతల ఫొటో కూడా పెట్టాను. మూడోరోజు జవాబొచ్చింది. ఇద్దరం ఫోను మీద పడ్డాం. నేను చదివాను.

"'మంచి ప్రశ్న. ఆ భాగానికి మేము ఇంకా వివరణ వ్రాయలేదు. మీరు కనుగొన్నచో దయచేసి వ్రాసి పంపండి. అందరికీ ఉపయోగం.'"

గురువమ్మ ఫోను అందుకుని బల్ల మీద బోర్లించింది.

"అన్నం ఎట్టమని అడిగితే, వొండి మాకూ ఎట్టు అంతన్నాడేటి వదినా" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే గూడ్సు వచ్చింది. ఆమె ఆరోజు వేగన్లు లెక్కపెట్టలేదు.

గూడ్సు వెళ్ళిపోయాక లేచి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. ఆ మిషను కడుపులో పుట్టుకతో ఒక ఆకు డిజైను ఉంది. మొదటిరోజు బిగించినాయన అది కుట్టి చూపించాడు. గురువమ్మ అదే ఆకుని ఖాకీ మీద బోటు పక్కన కుట్టించింది. నీలం దారంతోనే. ఆకు చుట్టూ గుడ్డ నున్నగా, ఇస్త్రీ చేసినట్టుంది.

"అదే దారం. అదే సూది. అదే గుడ్డ" అంది. "ఇది నున్నగొచ్చింది, అది ముడతలడిపోయింది. అంటే పైకి కనపడనిదేదో దీన్లో ఉంది. వదినా, మనకాడ ఆది ఉంది. ఇన్నాలూ దాన్ని తిరగీసి సూడలేదు."

బ్లేడు తీసింది. గుడ్డ వెనక్కి తిప్పి, అడుగుదారాన్ని ఒక్కొక్క కుట్టూ కోస్తూ, పైదారాన్ని వేలితో లాగుతూ, ఆకుని విప్పడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని ఏది ముందు ఊడిందో రాస్తున్నాను. ముందు ఈనె ఊడింది. తర్వాత అంచు. తర్వాత నిగనిగలాడే నిండు కుట్టు, అదొక్కటే గంటన్నర పట్టింది. అది పూర్తిగా ఊడిపోయాక, ఆకంతా పోయిందనుకుంటే, గుడ్డ మీద ఇంకా దారం ఉంది. పలచగా, అడ్డంగా, ఎడం ఎడంగా గీతలు. వాటి చుట్టూ అంచు వెంబడి ఒక్క వరస కుట్టు.

గురువమ్మ వాటి మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపింది.

"లైనింగు" అంది. "ఓలమ్మ. దారానికే లైనింగు ఏసినారు వదినా. పైకుట్టు నిలువుకెల్తే లోపలిది అడ్డానికెల్తన్నాది. ముందిది గుడ్డని పట్టి ఉంచుతాది, అప్పుడు పైది లాగినా గుడ్డ కదలదు."

నా చేతిలో సరుకుల పుస్తకం ఉంది. వెనక పేజీలు తిప్పాను. 'పూరక కుట్టు యొక్క అంతర్లీనము.' అంతర్లీనం అంటే లోపల ఉండేదనే కదా. ఆ పేరు మీద చిన్న గడి ఉంటుంది, అందులో టిక్కు పెట్టాలి. నెలన్నర కిందట నవ్వుకుని వదిలేసిన మాట.

"సదువు" అంది గురువమ్మ.

చదివాను.

"ఇప్పుడు తెలుగులాగే ఉంది" అంది.

టిక్కు పెట్టి కుడితే బోటు నున్నగా వచ్చింది. కానీ మధ్యలో గూడ్సు వచ్చి బల్ల అదిరితే, జెండాకర్ర ఒక చోట వంకర తిరిగింది. మామూలు మిషనైతే పెడలు మీంచి కాలు తీయొచ్చు. దీన్ని మధ్యలో ఆపితే మళ్ళీ కలిసే చోట దారం గుట్ట పడుతోంది. రాము బల్ల కింద దూరి, కాళ్ళు నాలుగూ తట్టి చూసి, వెళ్ళాడు. సాయంత్రం నాలుగు నల్లటి రబ్బరు దిమ్మలు తెచ్చాడు. బోటులో ఇంజను కింద అదురు ఆపడానికి వేసేవి. పాతవే గానీ గట్టివి.

"బోటు కుట్టే మిషనుకి బోటు రబ్బర్లే ఉండాల" అన్నాడు బల్ల కాళ్ళ కింద పెడుతూ. "ఇంక ముక్కెటున్నా నాను అడగను."

మర్నాడు గూడ్సు వచ్చినప్పుడు హేంగర్లు ఊగాయి, బల్ల ఊగలేదు. గురువమ్మ చేతులు కట్టుకుని నిలబడి, మిషను దాని పని అది చేసుకుంటుంటే, వేగన్లు లెక్కపెట్టింది. "అరవైరొండు."

మిగిలిన పది రోజుల్లో ఆమె రెండు పనులు చేసింది. అలేఖ్య జాకెట్టు కుట్టింది. ఖాకీ గుడ్డని కూడా మొదటినుంచి వరస పెట్టింది. అప్పటికే దాని మీద ముడతల బోటు, విప్పేసిన ఆకు గుర్తులు ఉన్నాయి. లైనింగు ముక్కల మీద చేసిన సగం బోటు, రెండు ముక్కుల బోటు, గీత మునిగిపోయిన బోటు కూడా దాని మీద మళ్ళీ కుట్టింది. ఒక్కొక్క దాని పక్కన, తప్పు దిద్దాక ఎలా వచ్చిందో కుట్టింది. కింద నన్ను రాయమంది. దర్జీ సుద్దతో రాస్తే చెరిగిపోతుందని చాకలి గుర్తుల పెన్ను తెచ్చింది. ఏ మీట ఎక్కడుంటుందో, దాని మీద బొమ్మ ఎలా ఉంటుందో, అది నొక్కకపోతే ఏమవుతుందో, తెలిసిన తెలుగులో రాశాను. 'మిషనుకి మడత తెలియదు, మొత్తం గీయాలి.' 'పట్టీని కిందనుంచి చదవాలి.' 'దారానికి లైనింగు: ఈ గడిలో టిక్కు.' నేను అంత పెద్దగా, అంత పొడుగ్గా ఎప్పుడూ రాయలేదు.

"ఇదంతా ఎందుకు?" అని అడిగాను.

"ఇద్దరికి నేర్పాలంది కదా వరాలమ్మ పిన్ని. ఒకర్తివి నువ్వు. రొండోది ఎవులో నాకు తెల్దు. ఆవిడొచ్చినప్పుడు నాను మరిసిపోతే, ఇది సెప్తాది."

రెండో మనిషి దొరకనే లేదు. అడిగినవాళ్ళందరూ శ్రావణమాసం పనుల్లో ఉన్నారు. రాము తన పేరు రాసేయమన్నాడు. మహిళా సంఘంలో మీసాలు లెక్కకి రావని గురువమ్మ చెప్పింది.

మూడో శుక్రవారం మీటింగు కొట్లోనే పెట్టారు. పట్టనివాళ్ళు సందులో కుర్చీలేసుకున్నారు. వరహాలమ్మ జాకెట్టు అందుకుంది. వీపు మీద నీలం బోటు, ఎర్రగీత, జెండా, కింద రెండు వరసల అలలు. ఒకే ముక్కు. ఆవిడ పైన చూసి, వెంటనే తిరగేసి లోపల చూసింది. ఆవిడా ఒకప్పుడు జాకెట్లు కుట్టినావిడే.

"బాగుంది" అంది. "నేర్సుకున్న ఇద్దరెవులు?"

నేను లేచి నిలబడ్డాను. నలుగురిలో లేచి నిలబడి ఎన్నాళ్ళయిందో.

"ఈవిడొకలు. రొండోవోలు?"

గురువమ్మ తల అడ్డంగా ఊపింది. గుమ్మం దగ్గర పరవాడ నుంచి వచ్చిన శ్రీసత్య నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయేమో, జుట్టు ముడేసుకుని, చేతిలో బల్ల కొలవడానికి తెచ్చుకున్న టేపు. ఆ పిల్ల మీటింగు మాటలు వినడం లేదు. గోడకి వేలాడదీసిన ఖాకీ గుడ్డని ఒక చివర్నించి చదువుతోంది. రెండు ముక్కుల బోటు దగ్గర ఆగి నవ్వింది. ముడతల బోటు దగ్గర వంగి, పక్కన రాసింది చదివి, గుడ్డ వెనక్కి తిప్పి చూసింది.

"అక్కా, నేనొకసారి కూర్చోనా?" అంది లాప్‌టాప్ చూపించి.

కూర్చుంది. గురువమ్మ నోరు విప్పలేదు, నేనూ విప్పలేదు. ఆ పిల్ల ఖాకీ వంక చూస్తూ, తెర వంక చూస్తూ, ఒక చిన్న చేప గీసింది. మొత్తం గీసింది. పట్టీలో కన్ను పైనా, ఒళ్ళు కిందా పెట్టింది. టిక్కు పెట్టింది. అరగంట పట్టింది. ఆ అరగంటా సంఘం ఆడవాళ్ళు వేరే సంగతులన్నీ మాట్లాడేసుకున్నారు. చేప కుట్టడం అయ్యాక వరహాలమ్మ దాన్ని తిరగేసి చూసింది.

"ఎవులు నేర్పినారే నీకు?"

"ఆ గుడ్డే పిన్నీ" అంది శ్రీసత్య. "డిగ్రీలో ఇలాటి సాఫ్ట్‌వేర్‌కి మాకెవరూ ఏమీ రాసివ్వలేదు. నేను ఈ మిషను అడిగాను గానీ, వస్తే ఎలాగా అని భయంగానే ఉంది."

వరహాలమ్మ కొంచెంసేపు చేపనీ, గురువమ్మనీ మార్చి మార్చి చూసింది. "మిషను పట్టుకుపోడానికొచ్చి నువ్వే రొండోదానివైపోనావు" అంది. "ఇంకేటి సేస్తాం. మిషను ఇక్కడే ఉంటాది. వచ్చే నెల ఇంకోటి వస్తాదంటన్నారు, అది మీ పరవాడకి."

గురువమ్మ తల వంచుకుని మెడలో టేపు సర్దుకుంది. అంతే. తర్వాత లోపలికెళ్ళి అందరికీ టీ పెట్టింది. టీలో పంచదార వేయడం మరిచిపోయింది. ఎవరూ అడగలేదు.

వెళ్ళేటప్పుడు శ్రీసత్య ఖాకీ గుడ్డ దగ్గర ఆగింది. "ఫొటోలు తీసుకుంటే వెనక కుట్టు కనపడదు అక్కా. ఇది నాలుగు రోజులు ఇస్తారా?"

గురువమ్మ నా వంక చూసింది. గుడ్డ నాది. మా ఆయన బట్టల్లో ఇంట్లోంచి బయటికి వెళ్ళింది అదొక్కటే. నేను గుడ్డ అంచు పట్టుకుని నిలబడ్డాను.

"ఆది ఎవులూ ఉంచీసుకోరు వదినా" అంది గురువమ్మ మెల్లిగా. "జాకెట్టుతో పాటు ఆదీ తిరిగొస్తాది. నేదంటే ఏ దర్జీ బతకదు."

మడతపెట్టి, కవర్లో పెట్టి, నా చేత్తోనే ఇచ్చాను.

ఆదివారం అలేఖ్య పెళ్ళికి వెళ్ళాం. వాళ్ళ నాన్న కూతురి వీపు వంక చూసి, "జెండా తప్పు. బోటు ఇటెల్తే గాలికి జెండా అటెగరాల" అన్నాడు. తాళి కట్టినంతసేపూ కూతురి వెనకాలే నిలబడ్డాడు.

నాలుగు రోజులన్నది పదకొండు రోజులైంది. రోజూ వీధి వంక చూశాను. పన్నెండోరోజు శ్రీసత్య తనే వచ్చి కవరు ఇచ్చింది. గుడ్డ ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. చివర, మేం వదిలేసిన ఖాళీలో, కొత్తగా రెండు వరసలు కుట్టి ఉన్నాయి. జరీదారం తెగకుండా వేగం ఎక్కడ తగ్గించాలో ఒకటి. రెండోది జెండా, అలేఖ్య నాన్న అన్నమాట నేను ఫోనులో చెబితే విని కుట్టింది, గాలి అటు వీస్తే ఒకటి, ఇటు వీస్తే ఒకటి. కింద తన రాతతో రాసింది. మొత్తం గుడ్డని రెండువైపులా ఫొటోలు తీసి, ఇంగ్లీషులో రాసి, ఆ ప్రశ్నలడిగే చోట పెట్టానని కూడా చెప్పింది.

"ముందు మీకు జవాబిచ్చినాయనే మళ్ళీ రాశాడు అక్కా. థాంక్స్ చెప్పాడు. తర్వాత ఒకటి అడిగాడు."

"ఏటడిగినాడు?"

"ఆ గుడ్డ ఏమిటి, అంత నున్నగా వస్తోంది, ఎక్కడ దొరుకుతుంది అని."

గురువమ్మ నా వంక చూసి నవ్వాపుకుంది. "రాసీ వదినా, నువ్వే రాసీ. సెప్పీ, అది బజార్లో దొరకదని."

ఖాకీ గుడ్డ నిండిపోయింది, ఇంక జానెడు కూడా ఖాళీ లేదు. గురువమ్మ ఇప్పుడు పూసల పని ఎలా చేయాలో వెతుకుతోంది, దానికీ ఎక్కడా ఏమీ రాసిలేదు. రేపు వెళ్ళేటప్పుడు బీరువాలోంచి రెండో గుడ్డ తీసుకెళ్ళాలి.